నిమిషమునకు 600 గుండ్లు

నాగార్జునసాగరము కట్టను చూడబోవువారికి కృష్ణ నీటితోపాటు, ఆ నీటికి కావలి కాయు తుపాకులును కనబడును. నీటిని గూర్చి మన రైతులందరును లెక్కలు చెప్పగలరు. తుపాకిని గూర్చి మాత్రము మనవారిలో వ్యాపించియున్నది వినికిడియే గాని యెరుక కాదు. మిర్యాలగూడ బియ్యపు మిల్లుల కడను, కోదాడ రహదారి టీకొట్లలోను, సూర్యాపేట బస్సుస్టాండులోను చదువుకొన్న యువకులు సైతము, "ఆ రైఫిలు నిమిషమునకు 600 గుండ్లు కాల్చును" అని శాస్త్రవాక్యమువలె పలుకుచుందురు. ఆరు లక్షలకు పైబడిన ఏ.కె. 203 రైఫిళ్లను రష్యా సహకారముతో మన దేశములోనే, ఉత్తరప్రదేశమందలి అమేఠీ జిల్లా కోర్వాలో తయారుచేయుటకై 2021 డిసెంబరులో ఒడంబడిక కుదిరిన పిమ్మట, పత్రికలు ఆ సంఖ్యను 700గా వ్రాసి మురిసిపోయినవి.

ఈ సంఖ్యలు కల్పితములు గావు. ఐనను వానిని నమ్మి మోసపోవుట మిక్కిలి సులభము. భుజమున రైఫిలు మోయు ఏ సైనికుడును, ఏ పోలీసును పోరాటములో నిమిషమునకు 600 గుండ్లు కాల్చజాలడు. ఈ మాటను మేము ఆయుధముల మీది వేడుకచేత చెప్పుటలేదు. ఆ తుపాకుల వెల చెల్లించువారు మన జనులు. వానిని మోయువారు మన బిడ్డలు. దురదృష్టవశమున వాని యెదుట నిలువవలసి వచ్చువారును పెక్కుమారులు మనవారే. కావున ఆ లెక్క నిజముగా నెంతయో తెలిసికొనుట పౌరధర్మమని మా యభిప్రాయము.

సాగరము దృష్టాంతముననే ఈ సంగతి బోధపడును. ఆనకట్టకు 26 గేట్లు కలవు. వరదనాడు అన్నిటిని ఒక్కమారు ఎత్తినచో లక్షల క్యూసెక్కుల నీరు దుముకును. ఎడమకాలువ తలవద్ద పారుటకు ఏర్పరుపబడినది 11,000 క్యూసెక్కులు. అందు మిర్యాలగూడ, హుజూర్‌నగరు, కోదాడ ప్రాంతముల పొలముగట్టు చేరునది మరియు తక్కువ. గేట్ల సామర్థ్యమును చూపి ఆయకట్టు ఎకరములు లెక్కగట్టు ఇంజనీరు నెవ్వడైన నమ్మునా? రైఫిలు విషయమున మాత్రము మనము ప్రతిదినము అట్టి లెక్కనే నమ్ముచున్నాము.

నిమిషమునకు 600 అనునది యంత్రముయొక్క వేగము. ఒక గుండు పేలగా, ఆ పేలుడు బలముచేతనే ఖాళీతొడుగు బయటికి విసరబడి, మరియొక గుండు గొట్టములోనికి ఎక్కి, అదియు పేలుటకు పట్టు కాలమును కొలిచి, దానిని ఒక నిమిషమునకు హెచ్చించినచో వచ్చు సంఖ్య అది. గుండ్లు తరుగవనియు, గొట్టము కాగదనియు, మనుష్యుని భుజము కదలదనియు అనుకొన్ననాడే అది నిజమగును. ట్రిగ్గరును నొక్కి పట్టినంతసేపు కాల్చుచుండునది పూర్తి ఆటోమాటిక్ రైఫిలు. గుండును తానే ఎక్కించుకొనినను, ఒక్కొక్క గుండునకు ట్రిగ్గరును ఒక్కొక్కమారు నొక్కవలసినది సెమీ ఆటోమాటిక్. ఈ రెండింటికిని యంత్రవేగము వేరు, ఆచరణవేగము వేరు.

లెక్క చూతము. నిమిషమునకు 600 అనగా సెకండుకు 10. ఏ.కె. జాతి రైఫిలు మ్యాగజైనులో సామాన్యముగా పట్టునవి 30 గుండ్లు. అది మూడు సెకండ్లలో ఖాళీయగును. మన ఇన్సాస్ రైఫిలు మ్యాగజైనులో పట్టునవి 20. ఆ వేగమున అది రెండు సెకండ్ల పని. ఖాళీ మ్యాగజైనును తీసి, నిండినదానిని తగిలించి, మరల గురిచూచుటకు ఎంత చేయితిరిగినవానికైనను కొన్ని సెకండ్లు పట్టును. 600 గుండ్లు కావలెనన్నచో 20 మ్యాగజైనులు మోయవలెను. పాత ఏ.కె. గుండు ఒక్కటి సుమారు 16 గ్రాములు. 600 గుండ్లు దాదాపు 10 కిలోలు. ఇనుప మ్యాగజైనులతో కూడ అది 16 కిలోలు దాటును. నాలుగు మ్యాగజైనులు మోయు సిపాయి ట్రిగ్గరును వదలక నొక్కినచో, మ్యాగజైనులు మార్చు కాలమును విడిచిపెట్టి, 12 సెకండ్లలో వాని గుండ్లన్నియు తరిగిపోవును. అటుపిమ్మట వాని చేతిలోనిది దుడ్డుకర్రతో సమానము.

ఆయుధములను చేసినవారు ఈ సంగతిని దాచలేదు. సోవియట్ సైన్యపు శిక్షణగ్రంథములు కలాష్నికోవ్ రైఫిలునకు యంత్రవేగము సుమారు 600 అని చెప్పి, యుద్ధమున ఆచరణయోగ్యమైన వేగము ఒక్కొక్క గుండుగా 40 అనియు, చిన్నచిన్న జల్లులుగా 100 అనియు నిర్ణయించినవి. అమెరికావారు ఎం.16 ఏ2 రైఫిలునకు యంత్రవేగము 700 నుండి 800 వరకు చెప్పి, గురితో ఒక్కొక్క గుండుగా కాల్చినచో 45, మూడేసి గుండ్ల జల్లులుగా కాల్చినచో 90 అని వ్రాసిరి. ఆగక చాలసేపు కాల్చవలసి వచ్చినచో నిమిషమునకు 12 నుండి 15 మాత్రమేయని దానిక్రిందనే హెచ్చరించిరి. ఆ మొదటి సంఖ్య పత్రికల శీర్షికల కెక్కుచున్నది. ఈ చివరి సంఖ్యను చదివినవారే అరుదు.

ఇట్లేల యన్నచో కారణములు రెండు. మొదటిది వేడిమి. ప్రతి గుండును గొట్టమునందు కొంత వేడిని విడిచిపోవును. అది చల్లారుటకు వ్యవధి యీయక కాల్చినచో గొట్టము కాగి, గురి చెడి, యంత్రము బిగిసికొనిపోవును. కాగిన గొట్టములో నిలిచిన గుండు ట్రిగ్గరు నొక్కకయే పేలుటయు కలదు. 2008 జూలై 13న అఫ్ఘనిస్థానమందలి వనాత్ స్థావరముపై దాడి జరిగినప్పుడు, ఎడతెగక కాల్చిన అమెరికా సైనికుల రైఫిళ్లు కొన్ని పోరు నడుమ మొరాయించినవి. రెండవది వెనుదన్ను. మొదటి గుండు గురివైపు పోవును; రెండవది కొంచెము పైకి; మూడవది మరికొంత పైకి. అందుచేతనే అమెరికా సైన్యము 1980 తరువాతి సంవత్సరములలో ఎం.16 ఏ2 నుండి పూర్తి ఆటోమాటిక్ కాల్పులను తొలగించి, ఒక నొక్కుకు మూడు గుండ్ల పద్ధతిని పెట్టెను. మన ఇన్సాస్‌నందును ఆ మూడు గుండ్ల పద్ధతియే కలదు.

మరి చేతితో బోల్టు లాగి కాల్చవలసిన పాత .303 రైఫిలు మాట యేమి? మొదటి ప్రపంచయుద్ధమునాటి బ్రిటిషు పదాతికి 300 గజముల దూరమందలి గురిపై నిమిషమునకు 15 గుండ్లు కాల్చుట పరీక్షగా నుండెను. 1914 ఆగస్టులో బెల్జియమందలి మోన్స్ వద్ద ఆ ధాటిని జూచి జర్మనులు మరతుపాకులని భ్రమసిరని చెప్పుదురు. పిమ్మట వచ్చిన ఎస్.ఎల్.ఆర్. రైఫిలు సెమీ ఆటోమాటిక్. దానితో శీఘ్రపు కాల్పులు నిమిషమునకు 20గా బ్రిటిషు సైన్యమున నేర్పిరి. ఏ.కె.తో ఒక్కొక్క గుండుగా 40 అని పైని చెప్పితిమి. బోల్టు రైఫిలుతో 15 కాల్చిన మనుష్యుడు ఆటోమాటిక్‌తో గురితప్పక 40 కాల్చుచున్నాడు. యంత్రవేగము 600కు పెరిగినను, కన్నును, ఊపిరియు, వ్రేలును కూడి చేయు పని మూడు రెట్లయిన పెరుగలేదు. రైఫిలు వేగమును నిర్ణయించునది ఎప్పుడును దానిని పట్టినవాడే.

మన ప్రాంతపు చరిత్రయు ఇందుకు సాక్ష్యము పలుకుచున్నది. తెలంగాణా రైతాంగము రజాకార్ల నెదిరించిన దినములలో పల్లెవారి చేతులలో నుండినవి కర్రలు, వడిసెలలు, కారము, నాటుతుపాకులు. మందు దంచి కాల్చు నాటుతుపాకి ఆరితేరినవాని చేతనైనను నిమిషమునకు రెండు మూడుమారులు మించి పేలదు. ఐనను ఆ పల్లెలు లొంగలేదు. 1948 సెప్టెంబరు 13న బెజవాడ దిక్కునుండి కదలిన భారతసైన్యము ఉదయమునకే కోదాడను, అపరాహ్ణమునకు మునగాలను చేరెను. పిమ్మట సూర్యాపేట మార్గమున విమానములు దాడిచేసినవి. వెనుదిరిగిన నిజాము దళములు మూసీనది వంతెనను కూల్చిపోయినవి. సెప్టెంబరు 17న నిజాము లొంగిపోయెను. నాటి మన పదాతుల చేతులలోనివి .303 రైఫిళ్లు, బ్రెన్ తుపాకులు. బ్రెన్ యంత్రవేగము 500. ఐనను 30 గుండ్ల మ్యాగజైనును నిమిషమునకు ఒక్కటి చొప్పున, గడ్డుకాలమున నాలుగు చొప్పున మాత్రమే కాల్చుమని సైనికులకు నేర్పుచుండిరి. అసలైన మరతుపాకికే ఇంత పొదుపు నేర్పినచో, భుజమున మోయు రైఫిలు మాట వేరుగ చెప్పనేల?

వేగము తక్కువయైన హానియు తక్కువయని తలంచుట మరియొక పొరపాటు. 1919 ఏప్రిలు 13న అమృతసరపు జలియన్‌వాలాబాగులో డయ్యరు ఆజ్ఞచే 50 మంది సైనికులు సుమారు 10 నిమిషములలో 1,650 గుండ్లు కాల్చిరి. తలకు 33 గుండ్లు. నిమిషమునకు మూడు నాలుగు. బోల్టు రైఫిలు శక్తిలో అది నాలుగవ వంతును కాదు. అంత తీరుబాటుగ, అంత గురిగ కాల్చిన ఆ కాల్పులలో ప్రభుత్వపు లెక్కప్రకారమే 379 మంది హతులైరి. జనుల లెక్క అంతకు చాల హెచ్చు. సందు వెడల్పుగ నున్నచో శకటములపై మరతుపాకులనుకూడ లోనికి తెచ్చి వాడియుండెడివాడనని డయ్యరు విచారణసంఘము నెదుట ఒప్పుకొనెను. తప్పించుకొన దారిలేని జనసమూహముపై తుపాకి వేగమునకు పనియే లేదు. అచట మనుష్యులను చంపినది ఆజ్ఞ.

స్వాతంత్ర్యానంతరమున మన సైన్యమునకు కలిగిన గుణపాఠమును స్మరింతము. 1962 అక్టోబరులో ఈశాన్య సరిహద్దున నామ్‌కా చూ ఏటియొడ్డున నిలిచిన మన సిపాయిలకు బోల్టు రైఫిళ్లు. చైనావారికి సెమీ ఆటోమాటిక్, ఆటోమాటిక్ రైఫిళ్లు. ఈ తారతమ్యమును అందరును చెప్పుదురు. మన సిపాయికి తలకు 50 గుండ్లు మాత్రమే యుండెనను సంగతిని చెప్పువారు తక్కువ. నిమిషమునకు 15 చొప్పున కాల్చినను అవి నాలుగు నిమిషములకు చాలవు. వారి చేతికి ఆనాడే ఆటోమాటిక్ రైఫిలు నిచ్చియున్నచో, ఆ 50 గుండ్లు అయిదు సెకండ్లలో తీరియుండెడివి. లోపము తుపాకిలోకంటె సరఫరాయందు పెద్దది. ఆ నవంబరు 18న లడాఖులోని రెజాంగ్ లా వద్ద మేజరు షైతాన్ సింగ్ నాయకత్వమున 13వ కుమావూన్ దళపు కంపెనీ ఆ .303 రైఫిళ్లతోనే, శత్రువు దాపునకు వచ్చువరకు గుండ్లను దాచుకొని పోరాడెను. నూరుమందికి పైగా అచటనే నేలకొరిగిరి. మరుసటి యేడు మంచుకరగిన పిమ్మట వారి దేహములు ఆయుధములను పట్టుకొనియే కనబడెను.

ఇక సూర్యాపేట బిడ్డ కర్నలు బిక్కుమళ్ల సంతోష్ బాబు. 2020 జూన్ 15 రాత్రి గాల్వన్ లోయలో 16వ బీహారు దళమునకు అధిపతియై నిలిచి ఆయన అమరుడయ్యెను. ఆయనతో కూడ 20 మంది మనవారు ప్రాణములర్పించిరి. రాళ్లు, ఇనుపకడ్డీలు, మేకులు దిగగొట్టిన దుడ్డుకర్రలు నాటి ఆయుధములు; ఒక్క గుండును పేలలేదు. "తుపాకులుండియు ఏల కాల్చలేదు?" అని ఆనాడు సూర్యాపేట వీధులలోను, దేశమంతటను అడిగిరి. సైనికులు సాయుధులై యుండిరనియు, 1996, 2005 సంవత్సరముల ఒడంబడికల ననుసరించి ఆయుధములను వాడలేదనియు విదేశాంగమంత్రి ప్రత్యుత్తరమిచ్చెను. ఎదుటివాడు మాట తప్పినపుడు మనము మాట నిలుపుకొనుట ఎంతవరకు తగునను విషయమున భేదాభిప్రాయములు కలవు, అవి ఉండదగినవే. కాని నిమిషమునకు వందల గుండ్లు కాల్చగల యంత్రమును భుజమున నుంచుకొని, ఒక్క గుండును కాల్చక చావునెదిరించిన క్రమశిక్షణను ఏ యంత్రవేగమును కొలువజాలదు. మహావీరచక్రము నందిన ఆ వీరుని విగ్రహము నేడు సూర్యాపేటలో నిలిచియున్నది. దానిని దాటిపోవు యువకులు 600 అను సంఖ్యకంటె ఆ సున్నను ముందు తెలిసికొనవలెను.

సరిహద్దు సంగతి యట్లుండగా, ఇంటిలోని సంగతి మరియు సున్నితమైనది. 2015 ఏప్రిలు మొదటి దినముల ఘటనలను ఈ ప్రాంతమువారు మరువలేరు. ఏప్రిలు 1 రాత్రి సూర్యాపేట బస్సుస్టాండులో తనిఖీ చేయుచున్న పోలీసులపై దుండగులు కాల్పులు జరుపగా ఒక కానిస్టేబులును, ఒక హోంగార్డును చనిపోయిరి. ఏప్రిలు 4న జానకీపురము వద్ద ఆ దుండగు లిరువురును హతులైరి. ఆ పోరులోను పోలీసులకు ప్రాణనష్టము కలిగెను. ఏప్రిలు 7న ఆలేరు వద్ద వేరొక కేసులోని విచారణఖైదీలు అయిదుగురు పోలీసు వ్యానులోనే కాల్పులకు గురియై మరణించిరి. ఆయుధములు లాగుకొన జూచినందున ఆత్మరక్షణకై కాల్చితిమని పోలీసు లనిరి, పౌరహక్కుల వారు ఆ మాటను సంశయించిరి. బస్సుస్టాండువంటి చోట ప్రయాణికుల నడుమ నిలిచిన కానిస్టేబునకు నిమిషమునకు 600 గుండ్ల యంత్రము ఎట్లు అక్కరకు వచ్చును? అచట జల్లుగా కాల్చినచో రెండవ గుండునుండియే అది ఏ తల్లిని, ఏ బిడ్డను తాకునో యెవ్వరెరుగుదురు? అచట కావలసినది సకాలమున గురితప్పని ఒకటి రెండు గుండ్లు. అంతకుముందు, కాల్చవలెనో మానవలెనో నిర్ణయించుకొనగల నిబ్బరము.

2023 నవంబరు 30న సాగరము కట్టపై జరిగినదియు జ్ఞాపకముంచుకొనదగినది. తెలంగాణా ఎన్నికల పోలింగునాడు ఆంధ్రప్రదేశ్ పోలీసులు కట్టపైకి వచ్చి 26 గేట్లలో 13 గేట్లను తమ వశము చేసికొనగా, రెండు తెలుగు రాష్ట్రముల పోలీసులు ఒక్క కట్టపై ఎదురెదురుగ నిలిచిరి. పిమ్మట కేంద్ర రిజర్వు పోలీసుదళమును కావలియుంచిరి. అదృష్టవశమున ఒక్క గుండును పేలలేదు. ఆ దినమున ఒక్క వ్రేలు తొందరపడి యున్నచో, నీటి తగవు నెత్తుటి తగవై తరములు నిలిచియుండెడిది. ఆ కట్టమీద తుపాకికి తగిన వేగము నిమిషమునకు సున్న.

మా వాదమునకు ఎదురు మాటయు కలదు. ఆటోమాటిక్ కాల్పులు వ్యర్థములైనచో లోకమందలి సైన్యములన్నియు వానిని ఏల కోరుచున్నవని అడుగవచ్చును. చీకటిగదిలో శత్రువు అయిదడుగుల దూరమున నున్నపుడును, పొంచియున్నవారి చేత చిక్కినపుడును, ముందుకు సాగు తోటివారిని కాపాడుటకై శత్రువును తలయెత్తనీయక యుంచవలసినపుడును ఆ జల్లు ప్రాణము నిలుపును. అమెరికావారు మూడు గుండ్ల పద్ధతిలోని లోపములను జూచి, తరువాతి ఎం.4 ఏ1 రైఫిలున పూర్తి ఆటోమాటిక్‌ను మరల చేర్చిరి. దీనిని మేము కాదనము. అట్టి ఘడియలు కొన్ని సెకండ్లవి. వానికై ఆ మీట యుండుట మంచిది. దానినే ఆయుధము విలువగా ఎంచుట తగదు.

కావున మా కోరికలు నాలుగు. ఒకటి: కొత్త రైఫిలును ప్రజల ముందుంచునపుడు ప్రభుత్వమును, పత్రికలును యంత్రవేగముతోపాటు ఆచరణవేగమును, ఆగక కాల్చగల వేగమును ప్రకటింపవలెను. రెండు: మన రెండు రాష్ట్రములలోను ఒక్కొక్క కానిస్టేబులు సంవత్సరమునకు ఎన్ని గుండ్లు అభ్యాసమునకై కాల్చుచున్నాడో శాసనసభ్యులు సభలో అడిగి రాబట్టవలెను, కొత్త తుపాకి కొనుటకుముందు పాత తుపాకితో గురి నేర్పుటకు పైకము కేటాయింపవలెను. మూడు: పోలీసులు కాల్చిన ప్రతి గుండునకు లెక్క ప్రజలకు తెలియవలెను. పోలీసు కాల్పులలో మరణములు సంభవించినపుడు స్వతంత్రవిచారణ జరుగవలెననియు, వాడిన ఆయుధములను పరీక్షకు అప్పగింపవలెననియు సుప్రీముకోర్టు 2014 సెప్టెంబరులో విధించిన నియమములు కాగితముమీద నిలిచిపోరాదు. నాలుగు: కళాశాలలలో ఎన్.సి.సి. శిక్షణ పొందు బాలబాలికలకు తుపాకి విప్పి కూర్చుట నేర్పునపుడే, దానిని ఎపుడు కాల్చరాదో కూడ నేర్పవలెను.

స్వతంత్రదేశమునకు ఆయుధము అవసరము. దానిని ఇతరులను దేబిరించి తెచ్చుకొనక స్వదేశముననే చేసికొనుట గౌరవము. కాని ఆ గౌరవము 600, 700 అను సంఖ్యలను చూచి చప్పట్లు కొట్టుటచేత దక్కదు. సాగరపు నీరు గేట్లనుండి దుముకునపుడు చూడముచ్చటగ నుండును. పంట పండించునది మాత్రము కాలువలో కొలతగ వచ్చిన నీరు. తుపాకి విషయమునను మన జనులు ఆ కొలతనే అడుగుదురు గాక.